యుద్ధం నడుస్తుండగా విజయోత్సవం: మాస్కో మే 9 కవాతును ఎలా చూడాలి, ఏం లెక్కపెట్టాలి

నాజీ జర్మనీపై విజయాన్ని గుర్తుచేసుకునే కవాతులో 2023 మే 9న మాస్కో రెడ్ స్క్వేర్ మీదుగా ఒకే ఒక్క ట్యాంకు వెళ్లింది. అదీ రెండో ప్రపంచ యుద్ధం నాటి టీ-34. సాయంత్రానికల్లా ‘రష్యా దగ్గర ట్యాంకులు అయిపోయాయి’ అన్న మాట ప్రపంచమంతా తిరిగింది. 2025 మే 9న అవే రాళ్ల మీద టీ-72లు, టీ-80లు, టీ-90లు బారులు తీరి వెళ్లాయి. ఈసారి ‘రష్యా కోలుకుంది’ అన్నారు. రెండు తీర్పులకూ ఆధారం టీవీలో గంటసేపు కనిపించిన బొమ్మే. ఒక్క ఏడాది బొమ్మ చూసి తీర్పు చెప్పడం ఆవలిస్తే పేగులు లెక్కపెట్టడం లాంటిది. పోయినేడాదికీ ఈ ఏడాదికీ, ప్రకటనకూ ఆచరణకూ మధ్య ఏం మారిందో చూస్తేనే ఈ కవాతు నోరు విప్పుతుంది.

పక్కనున్న ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపిన రష్యా తన సైనిక పండుగను ఎలా జరుపుకుంటోందో చూసి వార్తో, విశ్లేషణో రాయాల్సిన వాళ్లకు పనికొచ్చే పద్ధతి ఇది. డెస్కులో కూర్చుని చేయగలిగిందే. రష్యన్ రాకపోయినా చాలావరకు నడుస్తుంది, వస్తే ప్రసంగం దగ్గర బాగా కలిసొస్తుంది.

ముందు తేదీ సంగతి

1945 మే 7న ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద ఒకసారి సంతకాలయ్యాయి. సోవియట్లు దానితో సరిపెట్టుకోలేదు. బెర్లిన్‌లోనే, తమ మార్షల్ జూకోవ్ ఎదుటే మళ్లీ సంతకం పెట్టాలని పట్టుబట్టారు. అలా కార్ల్స్‌హోర్స్ట్‌లో మే 8 రాత్రి రెండో సంతకం జరిగింది. అప్పటికి మాస్కో గడియారంలో తేదీ మారి మే 9 వచ్చేసింది. పశ్చిమ యూరప్ 8న, రష్యా 9న జరుపుకోవడానికి కారణం ఇంతే.

చాలామంది వార్తల్లో ‘1945 నుంచి ఏటా జరిగే కవాతు’ అని రాసేస్తారు. తప్పు. మొదటి విజయ కవాతు జరిగింది 1945 జూన్ 24న. వర్షంలో జూకోవ్ తెల్ల గుర్రం మీద వచ్చాడు, మరో మార్షల్ రొకొసోవ్‌స్కీ కవాతును నడిపించాడు, 200 నాజీ పతాకాలను లెనిన్ సమాధి ముందు నేలకేసి కొట్టారు. ఆ తర్వాత 1948 నుంచి మే 9 సెలవు కూడా కాదు, మామూలు పనిదినం. బ్రెజ్నెవ్ కాలంలో 1965లో సెలవు తిరిగొచ్చింది. సోవియట్ కాలంలో మే 9 కవాతులు 1965, 1985, 1990 సంవత్సరాల్లో మాత్రమే జరిగాయి. ఏటా జరగడం 1995 నుంచి. ట్యాంకులు, క్షిపణులు రెడ్ స్క్వేర్‌కు తిరిగొచ్చింది 2008లో. అంటే ఇప్పుడు మనం చూస్తున్న భారీ హంగు సోవియట్ కాలం నుంచి అదే రూపంలో దిగిన వారసత్వం కాదు, చాలావరకు పుతిన్ కాలపు కట్టడం. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం పొరపాట్లు తగ్గుతాయి.

ఇంకో మాట కూడా ముందే రాసిపెట్టుకోవాలి. రష్యాలో ఈ పండుగ ‘రెండో ప్రపంచ యుద్ధం’ పేరుతో జరగదు. వాళ్ల మాట ‘మహా దేశభక్త యుద్ధం’. అది 1941 జూన్ 22న మొదలై 1945 మే 9న ముగుస్తుంది. అనువాదంలో రెండింటినీ ఒకటి చేస్తే 1939 ఆగస్టులో సోవియట్లు నాజీ జర్మనీతో చేసుకున్న మొలొతోవ్-రిబెన్‌ట్రాప్ ఒప్పందం, సెప్టెంబరు 17న సోవియట్ సేన పోలండ్‌లోకి దిగడం చప్పుడు లేకుండా చరిత్రలోంచి జారిపోతాయి. పండుగకు కావలసిందీ అదే. అలాగని వెనక ఉన్న దుఃఖాన్ని తేలిగ్గా తీసేయకూడదు. దాదాపు 2 కోట్ల 70 లక్షల మంది సోవియట్ ప్రజలు చనిపోయిన యుద్ధం అది. వాళ్లలో రష్యన్లున్నారు, లక్షలాదిగా ఉక్రేనియన్లూ ఉన్నారు. ఆ ఇంటింటి దుఃఖాన్ని నేటి యుద్ధానికి ఎలా ముడి వేస్తున్నారన్నదే ప్రతి ఏడాదీ చూడాల్సిన విషయం.

ఉక్రెయిన్ తన వైపు నుంచి ముడి విప్పుకుంది. అక్కడ 2023 నుంచి చట్టం ప్రకారం మే 8 స్మృతి దినం, నాజీయిజంపై విజయ దినం. మే 9 యూరప్ దినం.

పట్టిక ఏప్రిల్‌లోనే తెరవండి

మే 9 ఉదయం టీవీ ముందు కూర్చుంటే ఆలస్యమైనట్టే. కవాతు పని వారాల ముందే మొదలవుతుంది. మాస్కో శివారు అలాబినో శిక్షణ మైదానంలో రెడ్ స్క్వేర్ కొలతలకు గీతలు గీసి సాధన చేయిస్తారు. తర్వాత రాత్రిపూట వాహనాలు త్వెర్‌స్కాయా వీధి మీదుగా రెడ్ స్క్వేర్‌కు వచ్చి రిహార్సల్ చేస్తాయి. చివరి పూర్తి రిహార్సల్ మామూలుగా మే 7న. ఈలోగా రక్షణ మంత్రి ఎంతమంది, ఎన్ని వాహనాలు, ఎన్ని విమానాలో ప్రకటిస్తాడు.

పట్టికలో నిలువు గడులు మూడు చాలు: ప్రకటించింది, రిహార్సల్‌లో కనిపించింది, ఆ రోజు నిజంగా వచ్చింది. అడ్డంగా సైనికులు, రకాలవారీగా వాహనాలు, విమానాలు, విదేశీ అతిథులు, కవాతు రద్దు చేసిన నగరాలు. ప్రతి అంకె పక్కనా అది ఎవరి నోటి నుంచి వచ్చిందో రాయాలి. మంత్రి చెప్పిన సంఖ్యనూ, వీడియో చూసి మీరు లెక్కపెట్టిన సంఖ్యనూ ఒకే గడిలో వేస్తే పట్టిక పాడైపోతుంది.

పోల్చడానికి పాత అంకెలు ఇవి. 2020లో (కొవిడ్ వల్ల ఆ ఏడు కవాతు జూన్ 24కు మారింది) దాదాపు 14 వేల మంది, 230కి పైగా వాహనాలు, 75 విమానాలు. 2021లో 12 వేల పైచిలుకు మంది, 190కి పైగా వాహనాలు, 76 విమానాలు. దండయాత్ర మొదలైన 2022లో 11 వేల మంది, 131 వాహనాలు, విమానాలు సున్నా. 2023లో 10 వేలకు పైగా అని ముందు చెప్పి, ఆ రోజు 8 వేల పైచిలుకుతో ముగించారు. విమానాలు మళ్లీ లేవు. 2024లో 9 వేల పైచిలుకు మంది, ప్రకటించిన వాహనాలు 75, ట్యాంకు మళ్లీ ఒక్క టీ-34, కొన్ని విమానాలు తిరిగొచ్చాయి. 80 ఏళ్ల పండుగైన 2025లో 11,500 మందికి పైగా, 180కి పైగా వాహనాలు.

మూడు గడుల పట్టిక ఎందుకు పనికొస్తుందో 2022 చూపిస్తుంది. ఆ ఏడాది 77 విమానాలు ఎగురుతాయన్నారు. అణుయుద్ధం వస్తే నాయకత్వం ఎక్కే ఇల్యూషిన్-80 కూడా వస్తుందన్నారు. ఎనిమిది మిగ్-29లు రిహార్సల్‌లో జెడ్ (ఈ యుద్ధానికి రష్యా వాడే గుర్తు) ఆకారంలో ఎగిరాయి కూడా. తీరా ఆ రోజు వాతావరణం బాగాలేదని వైమానిక భాగం మొత్తం ఎత్తేశారు. మరికొన్ని నగరాల్లోనూ అదే కారణం చెప్పారు. మాస్కో ఆకాశం టీవీలో మరీ అంత చెడ్డగా ఏం కనిపించలేదు. అసలు కారణం మనకు తెలియదు, ఊహించి రాయనక్కర్లేదు. ‘ప్రకటించారు, సాధన చేశారు, ఎగరలేదు, చెప్పిన కారణం ఇది’ అని నాలుగు ముక్కలు వరుసగా రాస్తే చదువరికి కావలసింది అందినట్టే.

ఆ ఉదయం వరుస

మాస్కో కాలమానం ఉదయం 10 గంటలు, భారత కాలమానంలో మధ్యాహ్నం 12:30. క్రెమ్లిన్ స్పాస్కయా గోపురం గంట కొట్టగానే మొదలవుతుంది. వరుస ఏటా దాదాపు ఒకటే, అందుకే ఏ చిన్న మార్పైనా కంటికి ఆనుతుంది.

ముందు ప్రెయొబ్రజెన్‌స్కీ రెజిమెంటు గౌరవ దళం రష్యా జెండానూ, విజయ పతాకాన్నీ తెస్తుంది. ఆ ఎర్ర పతాకం 1945లో బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం రైక్‌స్టాగ్ మీద ఎగరేసిన దానికి నకలు. మీద ఉన్న పొట్టి అక్షరాలు 150వ ఇద్రిత్సా రైఫిల్ డివిజన్‌వి. తర్వాత రక్షణ మంత్రి, కవాతు సారథి చెరో ఆరుస్ ఓపెన్ టాప్ కారులో దళాల ముందు తిరుగుతారు, ‘ఉరా’ కేకలు లేస్తాయి. మంత్రి వచ్చి అధ్యక్షుడికి నివేదిస్తాడు. ప్రసంగం, మధ్యలో ఒక నిమిషం మౌనం, ఆపై జాతీయ గీతం, తోపుల వందనం. అప్పుడు కదలిక మొదలవుతుంది: ముందు సైనిక సంగీత పాఠశాల పిల్లల డప్పులు, వెనక కాలినడక దళాలు, ఆ తర్వాత టీ-34 ముందు నడవగా వాహనాలు, పైన విమానాలు. అంతా అయ్యాక అధ్యక్షుడు క్రెమ్లిన్ గోడ పక్కన అలెక్సాండర్ తోటలోని అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర పూలుంచుతాడు. రాత్రి 10కి బాణసంచా.

వేదిక వెనక రంగురంగుల తెరలు కనిపిస్తాయి. వాటి వెనక ఉన్నది లెనిన్ సమాధి. పండుగ రోజు దాన్ని కప్పేస్తారు. సోవియట్ విజయాన్ని పండుగ చేసుకుంటూ సోవియట్ స్థాపకుణ్ణి తెరచాటున పెట్టడం గురించి ఒక వాక్యమైనా రాయొచ్చు, మన దగ్గర ఎవరూ పెద్దగా రాయరు.

మనుషుల్ని లెక్కపెట్టడం

కాలినడక దళం ఒక చతురస్రపు పెట్టెలా కదులుతుంది. మామూలుగా అడ్డంగా 20 మంది, నిలువుగా 10 వరుసలు, అంటే 200 మంది. ముందు అధికారులు, జెండా పట్టేవాళ్లు అదనం. వీడియో ఆపి పెట్టెలు లెక్కపెట్టి 200తో గుణిస్తే ప్రకటించిన సంఖ్యకు ఎంత దగ్గరో తెలుస్తుంది. విదేశీ బృందాలకు ఈ కొలత పనికిరాదు. 2020లో వెళ్లిన భారత త్రివిధ దళాల బృందంలో 75 మందే. 2025లో చైనా బృందంలో 102 మంది.

అయితే అసలు మెలిక వేరే ఉంది. కాలినడకన నడిచేవాళ్లలో పెద్ద భాగం సైనిక విద్యాలయాల కేడెట్లు, సువోరవ్ (సైనిక), నఖీమవ్ (నౌకాదళ) పాఠశాలల కుర్రాళ్లు. యుద్ధం ఎంత ముదిరినా వీళ్లు ఊళ్లోనే ఉంటారు. అందుకే మనుషుల సంఖ్య పడిపోలేదంటే సేన బాగుందనీ కాదు, కాస్త తగ్గిందంటే సేన కుదేలైందనీ కాదు. చూడాల్సింది ఏ పెట్టె వచ్చింది, ఏది రాలేదు అన్నది. ఫలానా గార్డ్స్ డివిజన్, ఫలానా మెరైన్ బ్రిగేడ్ అని వ్యాఖ్యాత పేర్లు చదువుతాడు. ఆ జాబితా పోయినేడాది జాబితా పక్కన పెట్టాలి. ఉక్రెయిన్‌లో పోరాడి వచ్చినవాళ్ల కోసం విడిగా దళాలు కట్టడం, వాళ్ల సంఖ్య విడిగా చెప్పడం కొత్త అలవాటు. 2025లో ఆ సంఖ్య 1,500 అన్నారు. 1945 నాటి మాజీ సైనికులు వయసు మీద పడి ఏటేటా తగ్గిపోతుంటే వాళ్ల పక్క కుర్చీలను కొత్త యుద్ధం వాళ్లతో నింపుతున్నారు. తాత వీరుడు, మనవడూ వీరుడే అని చూపించడం ఈ పండుగ ఇప్పుడు చేస్తున్న అసలు పని. టీ-34 కంటే ఇది ఎక్కువ చెబుతుంది.

వాహనాలు: లేనిదాని గురించి రాసేటప్పుడు

ఒక వాహనం రాకపోవడానికి కనీసం అయిదు కారణాలుండొచ్చు. అది యుద్ధరంగంలో ఉండొచ్చు, మరమ్మతులో ఉండొచ్చు. దారిలో, నిలిపే చోట డ్రోన్ భయం ఉండొచ్చు. ‘అక్కడ కుర్రాళ్లకు బళ్లు చాలక చస్తుంటే ఇక్కడ ఊరేగింపా’ అని సొంత జనమే అంటారన్న జంకు ఉండొచ్చు. నలుగురిలో ఆగిపోతుందన్న భయమూ ఉండొచ్చు. 2015 మే 7 రిహార్సల్‌లో సరికొత్త అర్మాతా టీ-14 ట్యాంకు రెడ్ స్క్వేర్ మీదే మొరాయించి నిలబడిపోయింది. తాళ్లు కట్టి లాగబోయినా కదల్లేదు, చివరికి తనంతట తానే కదిలి వెళ్లింది. ఈ అయిదింటిలో ఏదో తేల్చే రుజువు లేనప్పుడు ‘రాలేదు’ దగ్గరే కలం ఆపాలి.

2023లో ఆ ఒంటరి టీ-34 కవాతుకు ఆరు రోజుల ముందు, మే 3న, క్రెమ్లిన్ మీద డ్రోన్లు పేలాయి. కొరతకూ భద్రతకూ మధ్య ఏది ఎంత అన్నది బయటివాడు విడదీయలేడు. టీ-34ల సంగతి మరీ తమాషా. పాతవి చాలక 2019 జనవరిలో లావోస్ నుంచి 30 టీ-34లు రష్యాకు తెప్పించుకున్నారు. కాబట్టి ఆ ట్యాంకు రెడ్ స్క్వేర్ మీద కనిపిస్తే నేటి సేన దగ్గరున్న బలం గురించి అది ఏమీ చెప్పదు. అది ఊరేగింపు విగ్రహం.

2025 దాకా దాదాపు మారనిది ఒకటుంది: యార్స్ ఖండాంతర క్షిపణి మోసే బండ్లు. కవాతు బాగా చిక్కిపోయిన 2023, 2024ల్లోనూ అవి వచ్చాయి. ఏం తగ్గినా అణ్వస్త్రం తగ్గలేదని చూపించడం ఆగలేదు. పట్టికలో ఆ వరుస విడిగా ఉంచండి, అది రాని ఏడాది ఎప్పుడైనా వస్తే అప్పుడు వార్త.

2025లో ట్రక్కుల మీద ఓర్లాన్, లాన్సెట్, గెరాన్ డ్రోన్లు తెచ్చారు. అన్నీ ఈ యుద్ధంలోనే వాడుతున్నవి. ఇక్కడ చాలామంది ‘కవాతులో డ్రోన్లు ఇదే మొదటిసారి’ అని రాశారు. 2018లోనే కోర్సార్ డ్రోన్‌ను ట్రక్కు మీద తెచ్చి చూపించారు. ‘మొదటిసారి’, ‘చరిత్రలో లేనివిధంగా’ అనే మాటలు రాసేముందు పాత వీడియోలు ఒకసారి తిప్పి చూడాలి. మన డెస్కుల్లో ఎక్కువగా కాళ్లకు తగులుకునే రాయి ఇదే.

ప్రసంగం

ప్రత్యక్ష ప్రసారంలో వచ్చే ఇంగ్లిష్ వ్యాఖ్యానం మీద ఆధారపడొద్దు. క్రెమ్లిన్ వెబ్‌సైట్లో రష్యన్ పాఠం పెడతారు. అది దించుకుని కొన్ని మాటలు వెతకాలి: ‘వొయ్నా’ అంటే యుద్ధం, ‘ప్రత్యేక సైనిక చర్య’ (ఈ యుద్ధానికి రష్యా పెట్టిన అధికారిక పేరు), ఉక్రెయిన్, దొన్‌బాస్ (తూర్పు ఉక్రెయిన్ ప్రాంతం), నాటో, పశ్చిమ దేశాలు, వ్యూహాత్మక (అంటే అణ్వస్త్ర) దళాలు, చనిపోయినవాళ్ల ప్రస్తావన. ప్రతి మాటా ఎన్నిసార్లు, ఏ సందర్భంలో వచ్చిందో రాయాలి. పోయినేడాది పాఠంతో పోల్చాలి.

ఎందుకింత చాదస్తం అంటే, మాటకు అక్కడ జైలు ఉంది. 2022 మార్చిలో తెచ్చిన చట్టం కింద సైన్యం గురించి ‘అబద్ధం’ చెబితే 15 ఏళ్ల వరకు శిక్ష. ఉక్రెయిన్‌లో జరుగుతున్నదాన్ని యుద్ధం అన్నందుకు మాస్కో మున్సిపల్ కౌన్సిలర్ ఒకాయనకు అదే ఏడాది జులైలో ఏడేళ్లు పడ్డాయి. 2023 మే 9న అధ్యక్షుడే ‘మన మాతృభూమి మీద నిజమైన యుద్ధం మొదలుపెట్టారు’ అన్నాడు. మాట ఒకటే. పుతిన్ నోట యుద్ధం ఎవరో రష్యా మీదికి తెచ్చింది, కౌన్సిలర్ నోట అది రష్యా చేస్తున్నది. ఈ తేడా పట్టుకోకుండా ‘పుతిన్ ఎట్టకేలకు యుద్ధమని ఒప్పుకున్నాడు’ అని శీర్షిక పెడితే అర్థం తలకిందులవుతుంది.

గట్టి మాటల మధ్య మెత్తగా దూరే వాక్యాలు ఇంకా విలువైనవి. 2022 ప్రసంగంలో అందరూ బెదిరింపుల కోసం చెవులు రిక్కించారు. చనిపోయిన, గాయపడిన సైనికుల కుటుంబాలకు, పిల్లలకు సాయం చేసే ఉత్తర్వు మీద ఆ రోజే సంతకం చేశానని ఆయన చెప్పిన వాక్యం చాలా పత్రికల్లో లోపలి పేజీలకు పోయింది. పండుగ రోజు అలాంటి ఉత్తర్వు కావలసి వచ్చిందంటే నష్టం ఎక్కడిదాకా వచ్చిందో ఆ వాక్యమే చెప్పింది.

ముందస్తు జోస్యాలకు దూరంగా ఉండాలి. 2022 మే 9న అధికారికంగా యుద్ధం ప్రకటిస్తాడనీ, అందర్నీ సైన్యంలోకి పిలుస్తాడనీ నెల రోజులు రాశారు. ఆ రోజు అవేవీ జరగలేదు. పాక్షిక సమీకరణ వచ్చింది సెప్టెంబరు 21న, ఏ పండుగా లేని ఒక బుధవారం ఉదయం. పండుగ తేదీ ప్రభుత్వానికి గడువు అవుతుందన్నది విశ్లేషకుల మోజు.

కుర్చీల్లో ఎవరున్నారు

దీనికి ఎక్కువ సేపు పట్టదు. 2022లో విదేశాధినేతలు ఎవరూ లేరు. 2023లో ఏడుగురు, అందరూ పాత సోవియట్ దేశాలవాళ్లే. 2024లో వాళ్లలో ఆరుగురికి క్యూబా, లావోస్, గినీ-బిస్సావు అధ్యక్షులు తోడయ్యారు. 2025లో చైనా అధ్యక్షుడు జిన్‌పింగ్, బ్రెజిల్ అధ్యక్షుడు లూలా, యూరోపియన్ యూనియన్ సభ్యదేశమైన స్లొవాకియా ప్రధాని ఫిత్సో వచ్చారు. కవాతు అయ్యాక పుతిన్ ఉత్తర కొరియా సైనికాధికారుల దగ్గరికి వెళ్లి కరచాలనం చేశాడు. భారత్ తరఫున 2020లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వెళ్లారు, 2025లో సహాయ మంత్రి సంజయ్ సేఠ్. వచ్చిన దేశం పేరుతో ఆగకుండా ఏ హోదా మనిషి వచ్చాడో కూడా రాయండి. గుండు సున్నాకూ అధ్యక్షుడికీ మధ్య చాలా మెట్లుంటాయి.

మాస్కో బయటికి వెళ్లండి

కెమెరాలన్నీ రెడ్ స్క్వేర్ మీదే ఉంటాయి, వార్త మాత్రం తరచుగా బయటుంటుంది. 2023లో ఉక్రెయిన్ సరిహద్దున ఉన్న బెల్గొరద్, కుర్స్క్, బ్ర్యాన్‌స్క్, ఆక్రమిత క్రిమియాలతో సహా చాలా చోట్ల కవాతులు రద్దయ్యాయి. వాహనాలూ సైనికులూ ఒకచోట గుమిగూడితే శత్రువును రెచ్చగొట్టినట్టవుతుందని బెల్గొరద్ గవర్నర్ చెప్పాడు. మన దేశం శత్రువును తరిమికొట్టిందని చెప్పే పండుగను శత్రువు దాడికి భయపడి ఆపుకోవడం అది. ఏ ప్రాంతం రద్దు చేసింది, ఏ మాటల్లో కారణం చెప్పింది అన్నది స్థానిక గవర్నర్ల టెలిగ్రామ్ ఛానళ్లలో దొరుకుతుంది. మాస్కో ప్రకటనల్లో దొరకదు.

‘అమర రెజిమెంటు’ ఊరేగింపు దీనికంటే సున్నితమైనది. యుద్ధంలో పాల్గొన్న తాతముత్తాతల ఫొటోలు పట్టుకుని జనం నడవడం 2012లో తోమ్‌స్క్‌లో స్థానిక పాత్రికేయులు మొదలుపెట్టారు. ఏ ప్రభుత్వమూ చెప్పకుండా పుట్టింది. 2015 నాటికి మాస్కోలో పుతిన్ తన తండ్రి ఫొటోతో ముందు నడిచాడు, ఊరేగింపు ప్రభుత్వానిదైపోయింది. 2022లో జరిగింది. 2023, 2024ల్లో వీధి ఊరేగింపులు రద్దు చేసి ఫొటోలు ఆన్‌లైన్‌లో, బట్టల మీద, కారు అద్దాల మీద పెట్టుకోమన్నారు. చెప్పిన కారణం భద్రత. 1945 నాటి ఫొటోల పక్కన నిన్నామొన్నటి కుర్రాళ్ల ఫొటోలు వేలల్లో నడిస్తే లెక్క అందరికీ కనిపిస్తుందన్న భయమే అసలు కారణమని చాలామంది పరిశీలకులు అన్నారు. రాసేటప్పుడు మొదటిది ప్రకటన, రెండోది అభిప్రాయం అని విడదీసి రాయాలి.

ఆక్రమించుకున్న ఊళ్లలో పండుగ రూపం మారిపోతుంది. 2022 మే 9న మరియుపోల్ వీధుల్లో ఈ పండుగకు గుర్తైన నలుపు-నారింజ చారల గియోర్గియ్ రిబ్బను, దాదాపు 300 మీటర్లది, పట్టుకుని ఊరేగించారు. అదే ఊళ్లో అజోవ్‌స్తాల్ ఉక్కు కర్మాగారంలో ఉక్రెయిన్ సైనికులు ఇంకా పోరాడుతూనే ఉన్నారు, మే 20 దాకా అది చేతులు మారలేదు. ఇలాంటి చోట ఊరేగింపు ఫొటో ఒక్కటే వేస్తే అబద్ధం చెప్పినట్టే. ఆ రోజు ఆ ఊళ్లో ఇంకేం జరుగుతోందో అదే పేరాలో ఉండాలి. రిబ్బను గురించి కూడా ఒక ముక్క చాలు: 2005లో పంచడం మొదలైంది, ఉక్రెయిన్ 2017లో బహిరంగంగా వాడడాన్ని నిషేధించింది.

పట్టుబడిన ఆయుధాల ప్రదర్శన ఈ పండుగకు ఇంకో తోక. 2024 మే 1న మాస్కో పక్లోన్నయా కొండ దగ్గర పశ్చిమ దేశాలు ఉక్రెయిన్‌కు ఇచ్చిన అబ్రామ్స్, లెపర్డ్ ట్యాంకులు, బ్రాడ్లీ బండి పెట్టారు. 1943లో గోర్కీ పార్కులో జర్మన్ ఆయుధాలు పెట్టినదాన్ని కావాలనే గుర్తుచేశారు. ఉక్రెయిన్ కూడా 2022, 2023 ఆగస్టుల్లో తన స్వాతంత్ర్య దినానికి కీవ్ ఖ్రెష్చాతిక్ వీధిలో కాలిపోయిన రష్యన్ ట్యాంకులు వరస పెట్టింది. రెండింటినీ ఒకే కొలతతో లెక్కపెట్టండి: ఏవి, ఎన్ని, ఏ స్థితిలో. కీవ్‌లోవి ఉక్రెయిన్ మీదికి వచ్చిన సేన వదిలిపోయినవి, మాస్కోలోవి ఉక్రెయిన్ తన నేల కాచుకోవడానికి తెచ్చుకున్నవి. ఈ తేడా అంకెల పట్టికలో కనిపించదు, కాబట్టి వాక్యంలో చెప్పాలి.

వీడియో ఏ ఏడాదిది?

మే 9న పాత వీడియోలు కొత్తవిగా తిరగడం ఏటా ఉండేదే. తేల్చడానికి కొన్ని సులువైన గుర్తులున్నాయి. కారులో నిలబడ్డ మంత్రి షోయిగు అయితే 2024 లేదా అంతకు ముందు, బెలౌసొవ్ అయితే 2025 నుంచి. కారు ఆరుస్ అయితే 2019 నుంచి, జిల్ అయితే ఇంకా పాతది. మంచు పడుతుంటే 2024. రాత్రి దీపాల కింద బళ్లు వెళ్తుంటే అది రిహార్సల్. పగలే అయినా జనం కుర్చీలు ఖాళీగా ఉంటే మే 7 కావచ్చు. విమానాల వీడియో 2022దనో 2023దనో ఎవరైనా అంటే, ఆ రెండేళ్లూ ఆ రోజు విమానాలు ఎగరనే లేదు. 2022 రిహార్సల్‌ది కావచ్చు, అడగండి.

2025లో మాస్కోలో ఆ రోజుల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. జనం తీసిన వీడియోలు తక్కువగా, ఆలస్యంగా వచ్చాయి. వీడియో లేదు కాబట్టి సంఘటన జరగలేదని తేల్చేయకూడదు.

ప్రభుత్వం తీసినదాన్నీ నమ్మేసి ఊరుకోకూడదు. 1941 నవంబరు 7న జర్మన్ సేన మాస్కో గుమ్మంలో ఉండగా రెడ్ స్క్వేర్ మీద కవాతు జరిగింది, అక్కడి నుంచి దళాలు నేరుగా యుద్ధానికి వెళ్లాయి. యుద్ధకాలపు కవాతు అనగానే రష్యన్లు గుర్తుచేసుకునేది దీన్నే. స్టాలిన్ ప్రసంగం ఆ రోజు సరిగ్గా చిత్రీకరణ కాలేదు. తర్వాత క్రెమ్లిన్ లోపల సెట్ వేసి మళ్లీ తీశారు.

బాణసంచా అయ్యాక

పట్టిక ఆ రాత్రి మూసేయకండి, కనీసం వారం తెరిచి ఉంచండి. 2024లో కవాతు నడిచిన మూడు రోజులకు, మే 12న, కారులో నిలబడి ‘ఉరా’ అందుకున్న షోయిగును రక్షణ మంత్రి పదవి నుంచి తప్పించారు. 2025లో మే 8 నుంచి 72 గంటల కాల్పుల విరామం రష్యా తనంతట తాను ప్రకటించుకుంది, రెండు పక్షాలూ ఉల్లంఘనల ఆరోపణలు చేసుకున్నాయి. అది ముగిసీ ముగియగానే మే 11 తెల్లవారుజామున పుతిన్ ఇస్తాంబుల్‌లో నేరుగా చర్చలకు రమ్మన్నాడు. ఏళ్ల తరబడి ఆ కవాతును నడిపించిన జనరల్ సల్యుకొవ్‌ను అదే నెలలో భూతల సేనల అధిపతి పదవి నుంచి మార్చారు. విరామం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎవరి కుర్చీ ఎప్పుడు మారింది, తేదీతో సహా నాలుగో నిలువు గడిలో రాసుకోండి.